ఎక్స్‌పీలో డాస్ ప్రోగ్రాం నుంచి యూఎస్‌బీ డాట్ మ్యాట్రిక్స్‌కి ప్రింటు: తక్‌పట్టీ కాగితం సైజు ఎక్కడ మార్చాలి?

తక్‌పట్టీ_గుమాస్తా (వరంగల్):

నమస్తే అందరికీ. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్న. మా తక్‌పట్టీల (రైతుకిచ్చే లెక్క చీటీల) ప్రోగ్రాం ఫాక్స్‌ప్రో 2.6ది, డాస్‌లో నడిచేది. కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ, సర్వీస్ ప్యాక్ 3. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర, హమాలీ, దడువాయి (కాంటా వేసేటాయన కూలి), చివరికి చేతికొచ్చే పైకం, ఇవన్నీ ముందే గీతలు అచ్చేసిన కాగితం మీద ఎక్కడి గడిలో అక్కడ పడాలె. కాగితం 10 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడుగు, రెండు ప్రతులు, రెండు పక్కల చిల్లులుండే కంటిన్యూయస్ స్టేషనరీ.

పిడుగు పడ్డప్పుడు పాత ప్రింటర్ పోయింది, దాంతో పాటు కంప్యూటర్ వెనకాల లావు కేబుల్ పెట్టే ప్యారలల్ పోర్టు కూడా పోయింది. సేఠ్ సెకండ్‌హ్యాండ్‌ల ఎప్సన్ ఎల్‌ఎక్స్-300 ప్లస్ టూ తెచ్చిండు. దానికి యూఎస్‌బీ ఉన్నది కాబట్టి ఆ కేబుల్‌తోనే పెట్టిన. డ్రైవర్ ఎక్కింది, విండోస్ టెస్ట్ పేజీ మంచిగనే వస్తున్నది. ఫాక్స్‌ప్రోల ప్రింటు కొడితే మాత్రం "ప్రింటర్ నాట్ రెడీ" అని ఆగిపోతది.

మిర్చి సీజన్ నడుస్తున్నది. కాంటాలు అయినంక రైతులు తక్‌పట్టీ కోసమే నిలబడతరు, అది చేతికి రాందే ఊరికి బండి ఎక్కరు. చేత్తో రాసిస్తున్నం గానీ, కూడికల్ల ఒక్క అంకె తప్పితే నష్టపోయేది రైతే. ప్రోగ్రాం రాసిచ్చినాయన ఇప్పుడు ఈ ఊర్ల లేడు, కానీ ఆయన పీఆర్‌జీ ఫైళ్లు (ప్రోగ్రాం సోర్స్) కంప్యూటర్‌లనే ఉన్నయి. దయచేసి ఎవరన్న దారి చెప్పండి.

డీబీఎఫ్_ఫైళ్లు (హైదరాబాద్):

పీఆర్‌జీ ఫైళ్లు ఉన్నాయన్నారు, అది చాలా మంచి మాట. ముందు వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి దాచండి, ఆ తర్వాత ప్రింటర్ సంగతి చూద్దాం.

డాస్ ప్రోగ్రాంకి యూఎస్‌బీ అనేది ఒకటుందని తెలియదు. దానికి తెలిసింది ఎల్‌పీటీ1, అంటే ప్యారలల్ పోర్టు, ఒక్కటే. కాబట్టి ఎల్‌పీటీ1కి పంపినదాన్ని విండోస్ పట్టుకుని యూఎస్‌బీ ప్రింటర్‌కి మళ్లించాలి. ఎక్స్‌పీలో దానికి సౌకర్యం ఉంది. ప్రింటర్స్ అండ్ ఫ్యాక్సెస్‌లో మీ ప్రింటర్ మీద రైట్ క్లిక్ చేసి, షేరింగ్‌లోకి వెళ్లి షేర్ చేయండి. షేర్ పేరు పొట్టిగా, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి (ఇంగ్లిష్‌లో): నెట్ యూజ్, స్పేస్, ఎల్‌పీటీ1, కోలన్, స్పేస్, రెండు బ్యాక్‌స్లాష్‌లు, కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, షేర్ పేరు, స్పేస్, మామూలు స్లాష్, పెర్సిస్టెంట్, కోలన్, యెస్ (వై, ఈ, ఎస్ మూడక్షరాలు). ఆ చివరి ముక్క ఉంటే కంప్యూటర్ ఆపి వేసినా ఈ మళ్లింపు నిలిచి ఉంటుంది.

ఎర్రర్ 85 వస్తే ఎల్‌పీటీ1 పేరు అప్పటికే వాడుకలో ఉందని. ఎర్రర్ 5 వస్తే మీ లాగిన్‌కి అనుమతి లేదని. రెండింటికీ నేను చేసేది ఒకటే: అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయి, డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద ఉన్న ప్రింటర్ పోర్ట్ ఎల్‌పీటీ1ని డిసేబుల్ చేస్తాను. మీ పోర్టు ఎలాగూ కాలిపోయింది, దానివల్ల పోయేదేమీ లేదు. ఎర్రర్ 53 వస్తే నెట్‌వర్క్ దారి దొరకలేదని. మీ కంప్యూటర్‌కి ల్యాన్ వైరు లేకపోతే ఇదే వచ్చే అవకాశం ఎక్కువ. అప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో యాడ్ హార్డ్‌వేర్‌కి వెళ్లి, నెట్‌వర్క్ అడాప్టర్ల జాబితాలో మైక్రోసాఫ్ట్ లూప్‌బ్యాక్ అడాప్టర్ ఎక్కించండి. వైరు లేకుండానే కంప్యూటర్ తన షేర్‌ని తను చూడగలుగుతుంది.

ఇంకొకటి. ప్రింటు వెంటనే రాకుండా పదిహేను సెకన్లు ఆగి వస్తే కంగారు పడకండి. డాస్ ప్రోగ్రాం పోర్టుని మూయకుండా వదిలేస్తే, ఇంకేమైనా వస్తుందేమోనని ఎక్స్‌పీ అంతసేపు చూస్తుంది. ఫాక్స్‌ప్రోలో ప్రింటు అయిపోయిన చోట సెట్ ప్రింటర్ టు అని రాసి, దాని తర్వాత ఏ పేరూ పెట్టకుండా వదిలేయండి. పోర్టు మూసుకుంటుంది, కాగితం అప్పుడే కదులుతుంది.

తక్‌పట్టీ_గుమాస్తా (వరంగల్):

మేడమ్, మీకు దండం పెడుతున్న. ఎర్రర్ 53 వచ్చింది, లూప్‌బ్యాక్ అడాప్టర్ ఎక్కిస్తే పోయింది. ఫాక్స్‌ప్రో నుంచి ప్రింటు వస్తున్నది.

ఇప్పుడు ఇంకో తిప్పలు. మొదటి తక్‌పట్టీ గడుల్ల సరిగ్గ పడ్తది. రెండోది మాత్రం తర్వాతి కాగితం అడుగున, చిల్లుల గీతకి ఒక అంగుళం మీద మొదలైతది, మిగతాదంతా మూడో కాగితం మీదికి పోతది. ప్రింటర్ ప్రాపర్టీస్‌ల, ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌ల పేపర్ సైజులు అన్నీ మార్చి చూసిన. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించిన. ఏం మార్చినా అదే తీరు. ప్రతి బిల్లుకి నాబ్ తిప్పి కాగితం సరిచేసుకుంటున్న. అచ్చేసిన కాగితాలు పాడైతున్నయి.

తొమ్మిది_పిన్నులు (ఖమ్మం):

తమ్ముడూ, ముందుగాల ఆ నాబ్ మీదనుంచి చెయ్యి తీయి. ప్రింటర్ ఆన్‌లో ఉన్నప్పుడు నాబ్ తిప్పొద్దు. గేర్లకి దెబ్బ అనేది ఒకటి, అసలు సంగతి ఇంకోటి: కాగితం జరుగుతది గానీ ప్రింటర్ లెక్కలో జరగదు. పేజీ తల ఎక్కడుందో అది మోటారు తిప్పిన అడుగులు లెక్కపెట్టుకుని గుర్తుపెట్టుకుంటది. నువ్వు చేత్తో తిప్పినవంటే ఆ లెక్క పోయినట్టే. కొంచెం పైకో కిందికో జరపాల్నంటే పాజ్ బటన్ లైటు మినుకుమినుకు అనేదాకా నొక్కి పట్టు, తర్వాత ఎల్‌ఎఫ్/ఎఫ్‌ఎఫ్, లోడ్/ఎజెక్ట్ బటన్లతో సన్నసన్నగా జరుపుకో.

ఇక నీ రోగం. "ఒక అంగుళం మీద మొదలైతది" అన్నవు చూడు, ఆ మాటతోనే దొరికింది. నీ ప్రింటర్ తన పేజీ 11 అంగుళాలని నమ్ముతున్నది. బిల్లు అయినంక ఫాక్స్‌ప్రో ఎజెక్ట్ అంటది, ప్రింటర్ 11 అంగుళాలు పూర్తయ్యేదాకా కాగితం తోస్తది. నీ రెండో కాగితం 6 దగ్గర మొదలై 12 దగ్గర అయిపోతది. 11 అంటే దాని అడుగుకి సరిగ్గ అంగుళం మీద. అదే 12 పెట్టి ఉంటే బిల్లుకీ బిల్లుకీ నడుమ ఒక కాగితం తెల్లగ పోయేది, గడుల్ల మాత్రం సరిగ్గనే పడేది. మార్కెట్లల్ల అట్ల సగం కాగితాలు వృథా చేసుకుంట నడిపేటోళ్లని చూసిన, ఎవరూ చెప్పక.

విండోస్‌ల ఎంత మార్చినా ఎందుకు కదలలేదో చెప్త. ఇది తెలుసుకో, రేపు ఇంకో ప్రింటర్ వచ్చినా పనికొస్తది. పేజీ పొడుగు మూడు చోట్ల ఉంటది. ప్రింటర్ లోపలి మెమరీలో ఒకటి. విండోస్ ఫారంల జాబితాలో ఒకటి. నీ ప్రోగ్రాంలో ఒకటి. ఎక్సెల్ నుంచో వర్డ్ నుంచో కొట్టినప్పుడు విండోస్ డ్రైవర్ పేజీ మొత్తం తనే తయారుచేసి పంపుతది, అప్పుడు దాని ఫారంలో ఉన్న సైజు నడుస్తది. డాస్ నుంచి వచ్చేది వేరు. అక్షరాలు ఎట్ల వస్తే అట్లనే, డ్రైవర్ చెయ్యి పడకుండ, స్పూలర్ (ప్రింటు పనులు వరసపెట్టి పంపే విండోస్ భాగం) ప్రింటర్‌కి దాటిస్తది. దాన్ని "రా" డేటా అంటరు. అందుకే నువ్వు ప్రాపర్టీస్‌ల కూర్చొని మార్చినవన్నీ నీ తక్‌పట్టీకి తాకనే లేదు. డ్రైవర్ తీసి మళ్లీ ఎక్కించుడు కూడా అంతే, ఇక వద్దు.

ప్రోగ్రాం నుంచే చెప్పించు, నా ఓటు దానికే. ప్రింటర్ మారినా, కరెంటు పోయి వచ్చినా, ప్రతి బిల్లు తన సైజు తను చెప్పుకుంటది. బిల్లు మొదలయ్యే చోట, మొదటి లైను ప్రింటు కాకముందు, మూడు ప్రశ్నార్థకాలు పెట్టి ఇది రాయి:

సీహెచ్ఆర్(27) + సీహెచ్ఆర్(64) + సీహెచ్ఆర్(27) + సీహెచ్ఆర్(67) + సీహెచ్ఆర్(36)

27 అంటే ఎస్కేప్. 27, 64 కలిస్తే ప్రింటర్ అంతకుముందు విన్నవన్నీ మరిచిపోయి మొదటికి వస్తది. 27, 67 అంటే పేజీ పొడుగు చెప్తున్న అని. ఆ తర్వాతి 36 లైన్లు. అంగుళానికి 6 లైన్లు, 6 అంగుళాలకి 36. (11 అంగుళాల కాగితానికి 66, 12కి 72.) ఒక్క ప్రశ్నార్థకం సరిపోదు, మూడు పెట్టాలె. మూడు పెడితేనే ఫాక్స్‌ప్రో ఏమీ కలపకుండా నేరుగ ప్రింటర్‌కి పంపుతది.

రెండు జాగ్రత్తలు. ఈ కోడ్ వెళ్లిన క్షణంలో అచ్చు కొట్టే హెడ్ కాగితం మీద ఎక్కడుందో అదే పేజీ మొదలు అని ప్రింటర్ అనుకుంటది, కాబట్టి పొద్దున మొదటి కాగితం సరిగ్గ లోడ్ చేసి ఉంచు. ఇంకా, మీ ప్రోగ్రాంలో సన్న అక్షరాల కోసం సీహెచ్ఆర్(15) ఉంటే దాన్ని ఈ లైను తర్వాత పెట్టు. ముందు పెడితే 64 దాన్ని తుడిచేస్తది, అప్పుడు పెద్ద అక్షరాలు వచ్చి చివరి గడి తెగిపోతది.

చివరగ విండోస్‌ల చూడాల్సింది ఒక్కటే ఒకటి ఉంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌ల అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో ప్రింట్ ప్రాసెసర్ బటన్. అక్కడ డేటా టైప్ "రా" అని మాత్రమే ఉండాలె. దాని కిందనే ఎఫ్‌ఎఫ్ అపెండెడ్ అని ఇంకోటి ఉంటది. ఎవరన్న అది పెట్టి ఉంటే బిల్లు బిల్లుకి ఒక కాగితం ఎక్కువ తోస్తది.

గుడి_కౌంటర్ (రాజమహేంద్రవరం):

ఖమ్మం మాస్టారు చెప్పింది అక్షరాలా నిజమండి. నేను గుళ్లో అర్చన టికెట్ల కౌంటర్ చూస్తాను. మాదీ డాస్ ప్రోగ్రామే, కాకపోతే మా దగ్గర సోర్స్ లేదు, ఉత్త ఈఎక్స్‌ఈ ఒక్కటే ఉంది. ప్రోగ్రాంలో వేలు పెట్టే వీలు లేనివాళ్ల కోసం మేం చేసుకున్న ఏర్పాటు చెబుతాను.

ఎక్స్‌పీ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎడిట్ అని కొడితే పాత నీలం రంగు ఎడిటర్ వస్తుందండి. అందులో కంట్రోల్, పీ కలిపి నొక్కి వదిలేసి, తర్వాత ఎస్కేప్ నొక్కితే ఎడమవైపు చూసే చిన్న బాణం గుర్తు పడుతుంది. అదే 27. దాని పక్కన ఇంగ్లిష్ పెద్ద అక్షరం సీ, దాని పక్కన డాలర్ గుర్తు. అంతే ఫైలు. కంప్యూటర్ లెక్కలో సీ అంటే 67, డాలర్ అంటే 36. పన్నెండు అంగుళాల కాగితం వాడేవాళ్లు డాలర్ బదులు పెద్ద హెచ్ పెట్టుకోవాలి, అది 72.

ప్రోగ్రాంని తెరిచే బ్యాచ్ ఫైల్లో పైన ఒక లైను పెట్టాను: కాపీ, స్లాష్ బీ, ఆ ఫైలు పేరు, ఎల్‌పీటీ1. రోజూ కౌంటర్ తెరిచేటప్పుడు ముందు ఆ మూడు అక్షరాలు ప్రింటర్‌కి వెళ్తాయి, తర్వాత ప్రోగ్రాం తెరుచుకుంటుంది. అది వెళ్లాక కాగితాన్ని ఒకసారి వెనక్కి తీసి మళ్లీ లోడ్ చేస్తామండి, ఎందుకంటే ఎడిటర్ ఫైలు చివర ఎంటర్ కలిపితే కాగితం ఒక లైను జరిగి ఉంటుంది. మధ్యలో ప్రింటర్ ఆపి వేస్తే మళ్లీ పంపాలి, ఆపగానే అది మరిచిపోతుంది. ఏకాదశి రోజుల్లో వరస బజారు దాకా ఉంటుంది, అప్పుడు కరెంటు పోయి వస్తే ముందు నేను చేసే పని ఇదే. మాది టీవీఎస్ ప్రింటరండి, ఎప్సన్ ఎమ్యులేషన్‌లో (ఎప్సన్‌లా నడిచేలా) పెట్టాం కాబట్టి ఇవే కోడ్లు పనిచేస్తున్నాయి.

తొమ్మిది_పిన్నులు (ఖమ్మం):

డాలర్ గుర్తు ఉపాయం బాగుందండి, నేను కూడా దీన్ని నోట్ చేసుకుంటున్న. సోర్స్ లేనోళ్లకి ఇంకో దారి ప్రింటర్ లోపలి మెమరీలోనే మార్చుడు. డిఫాల్ట్ సెట్టింగ్ మోడ్ అని ఉంటది. ఏ బటన్ పట్టుకొని ఆన్ చేయాల్నో మోడల్‌ని బట్టి మారుతది, మాన్యువల్‌లో చూసుకోవాలె. ఆ మోడ్‌లోకి పోతే ప్రింటర్ తన మెనూని కాగితం మీదనే అచ్చు కొట్టి చూపిస్తది. అందులో ట్రాక్టర్ పేజీ పొడుగు అని ఉన్న దగ్గర 6 అంగుళాలు ఎంచుకుంటే ఆపి వేసినా నిలుస్తది. అదే మెనూలో స్కిప్ ఓవర్ పర్ఫొరేషన్ ఆఫ్‌ల ఉండాలె. ఆన్‌ల ఉంటే ప్రతి పేజీకి అంగుళం వదిలేస్తది, 6 అంగుళాల కాగితానికి అది చాలా ఎక్కువ. ఆటో లైన్ ఫీడ్ కూడా చూడుండ్రి. లైనుకీ లైనుకీ నడుమ ఒక లైను ఖాళీ వస్తుంటే తప్పు అక్కడుంటది.

తక్‌పట్టీ_గుమాస్తా (వరంగల్):

అన్నా, పీఆర్‌జీల ఆ లైను పెట్టిన. తక్‌పట్టీలు వరసగ కొడుతుంటే అన్నీ గడుల్లనే పడుతున్నయి. నాబ్ ముట్టుకుంటలేను. పొద్దున్నే వచ్చిన రైతులకి పొద్దుగూకకముందే తక్‌పట్టీ చేతిల పెడుతున్న, ఆ సంతోషం మాటల్ల చెప్పరాదు.

ఇంకో రెండు అడుగుత, ఏమనుకోకండి. కొన్ని చీటీలు ఎక్సెల్‌ల కొడతం, అదే 10 × 6 కాగితం మీద. దానికి ఫారం ఎట్ల చేయాలె? ఇంకోటి, కింద ప్రతి మసకగా వస్తున్నది. రైతుకిచ్చేది అదే.

డీబీఎఫ్_ఫైళ్లు (హైదరాబాద్):

ఫారం సంగతి నేను చెబుతాను. ప్రింటర్స్ అండ్ ఫ్యాక్సెస్ తెరిచి, ఏ ప్రింటర్‌నీ ఎంచుకోకుండా, పైన ఫైల్ మెనూలో సర్వర్ ప్రాపర్టీస్ నొక్కండి. పేరు చూసి ఇది ఆఫీసు సర్వర్లకేమో అనుకుని చాలామంది తెరవరు, సొంత కాగితం సైజు పెట్టుకునేది అక్కడే. క్రియేట్ ఎ న్యూ ఫారం దగ్గర టిక్ పెట్టి, తక్‌పట్టీ అని ఇంగ్లిష్‌లో పేరు ఇవ్వండి. కొలతలు మెట్రిక్‌లో ఉంటే వెడల్పు 25.40, పొడుగు 15.24 సెంటీమీటర్లు. సేవ్ ఫారం నొక్కండి. వెడల్పు కొంచెం కూడా ఎక్కువ వేయకండి. మీ ప్రింటర్ పట్టేది 10 అంగుళాల కాగితమే, అంతకు మించిన ఫారాలు దాని జాబితాలో కనబడకపోవచ్చు.

తర్వాత ప్రింటర్ ప్రాపర్టీస్‌లో డివైస్ సెట్టింగ్స్ ట్యాబ్‌కి వెళ్లి ట్రాక్టర్ ఎదురుగా ఈ ఫారం పెట్టండి. జనరల్ ట్యాబ్‌లో ఉండే ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ మీ ఒక్క లాగిన్‌కే వర్తిస్తుంది. దుకాణంలో ఇంకెవరైనా వేరే లాగిన్‌తో పనిచేస్తుంటే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఉండే ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లో కూడా మార్చండి. ఎక్సెల్ పేజ్ సెటప్‌లో కూడా ఇదే ఫారం ఎంచుకోవాలి, ఫైలు తన సైజుని తనతోనే ఉంచుకుంటుంది.

ఆ కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి మాత్రం కలపకండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. సీజన్ అయ్యాక కొత్త కంప్యూటర్ కొంటే ఒకటి గుర్తుంచుకోండి: 64 బిట్ విండోస్‌లో డాస్ ప్రోగ్రాంలు నేరుగా నడవవు. వీడాస్ అనే ప్రోగ్రాం లోపల ఫాక్స్‌ప్రో 2.6 నడుస్తుంది, ప్రింటు కూడా ఇస్తుంది. అప్పుడు ఇక్కడే అడగండి, ఏర్పాటు ఎలాగో చెబుతాను.

తొమ్మిది_పిన్నులు (ఖమ్మం):

మసక సంగతి: ప్రింటర్ మూత తెరిస్తే పక్కన కాగితం మందం లివర్ ఉంటది, అంకెలు రాసి ఉంటయి. రెండు ప్రతులకి సున్నా మీద కాదు, ఒకటి మీద పెట్టు. అప్పటికీ మసకగనే ఉంటే ప్రింటింగ్ హైస్పీడ్ డ్రాఫ్ట్‌ల ఉన్నదేమో చూసి మామూలు డ్రాఫ్ట్‌కి మార్చు. పై ప్రతి మంచిగుండి కింద ప్రతి మసకగా ఉంటే తప్పు రిబ్బన్‌ది కాదు, కింద కాగితానికి సిరా రిబ్బన్ నుంచి రాదు, పిన్ను దెబ్బకి వస్తది. కాగితం బాగా పాతదైనా, గోదాంల ఎండకి పెట్టినా కింద ప్రతి మీద అక్షరం సరిగ్గ లేవదు. కొత్త కట్ట విప్పి అదే బిల్లు ఒకటి కొట్టి చూడు, తేడా తెలుస్తది.